గట్టు మీద ఉప్పు సంచులు

2025 ఏప్రిల్ 9, బుధవారం. రాజోలు

పొద్దున్నే పెద్దత్త దిగింది. గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా, "అమ్మాయ్, మీ చిన్నమావయ్య నా చెట్లు చంపేస్తున్నాడే" అంది.

కాఫీ తాగించి కూచోబెట్టేసరికి ఏడుపు తగ్గి కోపం మొదలైంది. సంచిలోంచి కొబ్బరికాయలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఒక్కోటీ నా గుప్పిట కంటే కాస్త పెద్దది. వలిస్తే లోపల కొబ్బరన్నదే కట్టలేదట. తోటలో దక్షిణప్పక్క, డ్రెయిను వైపు చెట్లు మూడేళ్ళ నుంచీ ఒక్కొక్కటే తల రాల్చేస్తున్నాయట. ఈ వేసవికి ఆ వరసంతా మొండేలే. ఇన్నాళ్ళూ అనుమానమే, ఇప్పుడు రుజువు దొరికిందంటుంది. గట్టు పక్కన ఖాళీ ఉప్పు సంచులు కనపడ్డాయి. కొన్ని రాత్రిళ్ళు అక్కడ టార్చిలైటు తిరుగుతోంది. "ఉప్పు కరగబెట్టి మొదళ్ళలో పోస్తున్నాడు. ఇంకెవడికుంది ఆ అవసరం?"

పెద్దమావయ్య పోయాక తోట పంచుకున్నప్పుడు గట్టు దగ్గర వచ్చిన తగాదా ఇది. జానెడు గట్టు. ఆరేళ్ళయింది వదినా మరుదులకి మాటల్లేక. పెళ్ళిళ్ళలో ఒకరు మొదటి బంతిలో కూచుంటే రెండోవారు ఆ బంతి లేచేదాకా బయటే ఉంటారు.

పోలీసు స్టేషనుకి వెళ్తానంది. ముందు నన్ను చూడనియ్యి, ఆ తరవాత నీ ఇష్టం అన్నాను. అది మా అమ్మ పుట్టింటి తోట. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరి మీద కేసు పెట్టినా, నేను పండక్కి వెళ్ళడానికి అమ్మమ్మగారిల్లు అనేది ఉండదు.

ఏప్రిల్ 10, గురువారం

మలికిపురం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. మేనల్లుడి కొడుకు వెంటపడ్డాడు. తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాయి, ఖాళీ. కళ్ళు చురుకు, నోరు అదుపులో ఉంటుంది. ఇలాంటి పనికి ఈ రెండూ చాలు.

చచ్చిన చెట్ల మధ్య నిలబడితే గుండె తరుక్కుపోయింది. ఇవి ముసలి చెట్లు కావు. 1996 నవంబరు తుపానుకి పాత తోటంతా నేలకూలితే పెద్దమావయ్య మళ్ళీ పెట్టించిన మొక్కలు. ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు. మా దేశవాళీ కొబ్బరి అరవయ్యేళ్ళు దాటినా కాపు మానదు. అంటే ఇవి మంచి కాపు మీద ఉండగా పోయాయి.

ఇంకా ప్రాణమున్న చెట్టు మొదట్లో కూచుని పైకీ కిందకీ చూస్తూ పోయాను. కొమ్ముపురుగు కొడితే విచ్చుకున్న ఆకు త్రికోణాలుగా తెగి ఉంటుంది. అది లేదు. ఎర్రముక్కు పురుగైతే కాండానికి కన్నాలు, ఆ కన్నాల్లోంచి నమిలి పారేసిన పీచు. అదీ లేదు. తెల్లదోమ పట్టినదైతే ఆకు అడుగున తెల్లటి సుడులు, పైన నల్లటి మసి ఉండాలి. మట్టలు రాలినా ఆకులు శుభ్రంగా ఉన్నాయి. మొవ్వు కుళ్ళితే మొవ్వాకు లాగగానే ఊడి కంపు కొడుతుంది. కుర్రాడు పొట్టిచెట్టు ఒకటెక్కి లాగి చూశాడు, రాలేదు. ఉన్నదల్లా ఒకటే లక్షణం: కింది మట్టలు కొసల నుంచి లోపలికి ఎండుకుంటూ వస్తున్నాయి, పై తల ఏడాదికేడాది చిన్నదైపోతోంది, పిందె నిలవడం లేదు.

తరవాత నేల చూశాను. పల్లంలో మట్టి పగుళ్ళ అంచుల వెంబడి తెల్లటి పొర. వేలితో గీరి నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు. పెద్దత్త నా మొహం చూసి "చెప్పానా!" అంది.

ఉప్పు ఉన్నమాట నిజం. ఎవరు వేశారన్నది వేరే సంగతి. కొబ్బరికి ఉప్పు విషం కాదు. మా తాతగారు చిగురుపాటు బాగుంటుందని ఏటా చెట్టుకింత అని ఉప్పు వేయించేవారు. కొబ్బరికి క్లోరిన్ కావాలి, ఆ పని ఉప్పు చేస్తుంది. ఒక చెట్టుని ఉప్పుతో చంపాలంటే కిలోలు చాలవు. ఇన్ని చెట్లని చంపాలంటే బళ్ళతో తోలాలి. రాత్రిపూట ఒక ముసలాయన టార్చిలైటు పట్టుకుని చేయగల పని కాదు.

సంచులు తిప్పి చూశాను. నిజంగా ఉప్పు సంచులే, కంపెనీ ముద్ర కూడా ఉంది. కానీ లోపల మూలల్లో ఉప్పు రవ్వ లేదు. బంకమట్టి ఉంది, ఎండి గట్టిపడి. ఒకదాని మూతికి పురికొస ముడి అలాగే ఉంది, పక్కన చీలిపోయింది. ఉప్పు పారబోసినవాడు తిరిగి అదే సంచిలో మట్టి నింపి మూతి ఎందుకు కడతాడు? ఈ ప్రశ్న రాసి పెట్టుకుంటున్నాను. పెద్దత్తకి ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

రామాలయం అరుగు మీదా, కిరాణా కొట్టు దగ్గరా నిన్న విన్నవి.

గ్యాసు వల్ల అన్నవాళ్ళు ఎక్కువమంది. వాళ్ళ భయం వట్టిది కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. ఆ రోజుల్లో మా ఇంటి పెరట్లో అర్ధరాత్రి కూడా ఆకాశం ఎర్రగా కనపడేది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి మనుషులు నిద్రలోనే పోయారు, చుట్టూ కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఇంత చూసిన జనం చెట్టు ఎండితే ముందు పైపువైపు చూడడంలో తప్పేముంది? కానీ మంటకి పోయిన చెట్టు ఒక్కరోజులో పోతుంది. ఇవి మూడేళ్ళుగా క్షీణిస్తున్నాయి.

దిష్టి అన్నారు. మందు పెట్టారన్నారు. రొయ్యల చెరువు అన్నారు. ఇది మాత్రం కొట్టిపారేయలేను. ఉప్పునీళ్ళ చెరువు పక్క చేను చౌడు బారడం ఈ సీమలో కళ్ళారా చూసిన సంగతే. చెరువు తవ్విన ఏడాది కనుక్కోవాలి.

రాత్రి నిద్ర పట్టక పాత పెట్టె తెరిచాను. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని దుప్పట్లో దూరి చదివిన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు కొన్ని, తరవాతెప్పుడో సెకండ్ హ్యాండులో కొని దాచుకున్నాను. యుగంధర్, అసిస్టెంటు రాజు. యుగంధర్‌లో నాకు నచ్చేది తుపాకీ కాదు, ఎవరు చెప్పినా విని, ఎవరి మాటా వెంటనే నమ్మకపోవడం. ఇంగ్లీషువాళ్ళ అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్ అనే ముసలావిడని పెట్టి మొదటి నవల రాసింది. అందులో ఆవిడ తన పల్లెటూరు దాటి వెళ్ళకుండానే హంతకుల్ని పట్టేస్తుంది, ఎందుకంటే ఊళ్ళో మనుషుల నైజాలన్నీ ఆవిడకి తెలుసు. మా ఊరికి అది సగమే సరిపోతుంది. ఇక్కడ మనుషుల నైజంతో పాటు నీళ్ళ నైజం కూడా తెలియాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్న పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు పెద్దది, అష్టమికి తగ్గుతుంది. అంతర్వేది వైపు వేటకి వెళ్ళే ప్రతివాడికీ ఇది తెలుసు, తోటల వాళ్ళం మాత్రం పట్టించుకోం.

పొద్దున డ్రెయిను గట్టు మీద నిలబడ్డాం. శంకరగుప్తం డ్రెయినులో కలిసే చిన్న పాయ ఇది. చేల మురుగు సముద్రం వైపు పోవడానికి తవ్వింది. నీళ్ళు పారాల్సింది దక్షిణానికి. కుర్రాడు ఎండిన కొబ్బరాకు వేశాడు. ఆకు కాసేపు కదలకుండా నిలబడి, తరవాత నెమ్మదిగా ఉత్తరానికి, తోటల వైపు, నడవడం మొదలెట్టింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వాడు వాటర్ ప్లాంటు కుర్రాణ్ణి బతిమాలి పెన్ను లాంటి టీడీఎస్ మీటరు తెచ్చాడు. తాగే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే మంచిదంటారు. సముద్రంలో లీటరుకి 35 గ్రాములు. రాజోలులో మా కుళాయి నీళ్ళు మూడంకెల్లోనే ఉన్నాయి. డ్రెయిను నీళ్ళలో ముంచేసరికి నాలుగంకెలు చూపించి, అక్కడితో మీటరు చేతులెత్తేసింది. సీసాలో పట్టి, మీద తేదీ, తిథి, చోటు రాశాం.

తిరిగొస్తుంటే గట్టు అంచున బురదలో నిటారుగా నిలబడ్డ చిన్న మొలక చూపించాడు. మడ మొక్క. కోరంగి బురదల్లో ఉండాల్సింది కొబ్బరి తోట గట్టు మీదికొచ్చి కూచుంది. మనిషి సాక్ష్యం మార్చుకోవచ్చు. ఉప్పునీళ్ళు రానిచోట మడ మొలవదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఇవాళ కాయల దింపు. ఈ తోటల్లో నలభై ఏళ్ళుగా చెట్లెక్కుతున్న దింపు తాత వచ్చాడు. వదినగారి తోటకీ మరిదిగారి తోటకీ దింపు ఆయనదే. ఆరేళ్ళలో ఆ గట్టు దాటి రెండువైపులా తిరిగిన మనిషి ఆయనొక్కడే. ఈ సాక్షి నాకు మొదటిరోజే తట్టలేదని కాదు, ఆయన దింపు రోజున తప్ప దొరకడు.

కాయలు పోగేశాక మజ్జిగిచ్చి అడిగాను. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, పెద్దత్త ఇంట్లోకి వెళ్ళేదాకా ఆగాడు.

"ఏటండీ టీచరుగారూ, చెట్టెక్కినోడికి మీ గట్టు కనపడదండి. పైనించి సూత్తే ఎండిన తలకాయలన్నీ ఒకటే వరసండి ఆయ్. పెద్దమ్మగారి తోటలో మొదలెట్టి, గట్టు దాటి, సినబాబుగారి తోటలోంచి పోయి, అవతల పల్లపు చేల మీదెల్తాయండి."

"చిన్నమావయ్య చెట్లు కూడా పోయాయా?"

"మీకు తెల్దా అండీ? అమ్మగారికంటే ఆరికే ఎక్కువ పోయాయండి. ఎవురికీ సెప్పొద్దన్నారు. నేను సెప్పినట్టు అనకండి."

పెద్దత్త ఇంటివైపు నుంచి చూస్తే ఆయన ముందు వరస చెట్లే కనపడతాయి, అవి మెరకలో పచ్చగా ఉన్నాయి. వెనకాల మొండేలు. ఆయన చంపినవాడైతే సొంత చెట్లు ఎందుకు చంపుకుంటాడు?

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ సప్తమో అష్టమో, పోటు బాగా తక్కువ. డ్రెయిను నీళ్ళు గట్టుకి బాగా కిందన ఉన్నాయి. మళ్ళీ సీసా.

రొయ్యల చెరువు తవ్వింది ఏడాదిన్నర కిందటే. చెట్లు అంతకు ముందే తలవాల్చడం మొదలెట్టాయి. పైగా చెరువు గట్టుని ఆనుకున్న చెట్లు ఇంకా కాస్తున్నాయి. చెరువు మంచిదని నేననను. ఈ వరసకి మాత్రం అది కారణం కాదు.

వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్ళ ఒత్తిడి పోతుంది. అదే ఈ కథలో అసలు మలుపనిపిస్తోంది. 1852 నాటికి కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు, వైనతేయ మీద గన్నవరం అక్విడెక్టు వచ్చాక మా రాజోలు సీమకి గోదావరి నీళ్ళు అందాయి. కాలువలో నీళ్ళు పారినన్నాళ్ళూ చేల నుంచి డ్రెయిన్లలోకి మంచినీళ్ళు దిగి సముద్రాన్ని వెనక్కి నెడతాయి. వేసవిలో నెట్టేవాళ్ళుండరు. మొగ దగ్గరా దారిలోనూ పూడిక పేరుకుంటే వచ్చిన ఉప్పునీళ్ళు పాటుకి వెనక్కి కూడా పూర్తిగా పోవు, పల్లంలో నిలబడిపోతాయి.

కానీ టార్చిలైటు ఎవరిది? సంచుల్లో మట్టెందుకు? సముద్రం సంచులు మోయదు.

ఏప్రిల్ 27, ఆదివారం. రాత్రి, పెద్దత్తగారింట్లో

అమావాస్య. ఈ రాత్రి టార్చిలైటు వస్తుందని నా లెక్క. పెద్దత్త "కొన్ని రాత్రిళ్ళు" అన్న మాట పట్టుకుని, ఆవిడకి గుర్తున్న రోజులు అడిగాను. శ్రీరామనవమి వెళ్ళాక వచ్చిన పున్నమికి ఒకసారి, కొత్తమావాస్య రాత్రి ఒకసారి, శివరాత్రి మర్నాడు ఒకసారి. అన్నీ పెద్ద పోటు రోజులే.

తొమ్మిది దాటాక వెలుగు కనపడింది. ఆవిణ్ణి ఇంట్లోనే ఉండమని, కుర్రాణ్ణి తీసుకుని కొబ్బరిమట్టల కంచె పక్కనుంచి వెళ్ళాం. దోమలు. డ్రెయిను నీళ్ళు గట్టు అంచుదాకా నిండి ఉన్నాయి. చిన్నమావయ్య గోచీ బిగించి మోకాళ్ళ లోతు బురదలో నిలబడి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. టార్చి కొమ్మకి వేలాడేశాడు. మట్టి నింపిన సంచి భుజం మీంచి దించి గట్టు కోసుకుపోయినచోట అడ్డం వేసి కాలితో తొక్కుతున్నాడు. వేసిన సంచి పక్కనుంచి నీళ్ళు సన్నగా దారి చేసుకుంటుంటే చేత్తో బంకమట్టి తీసి అదుముతున్నాడు. రెండో సంచి ఎత్తబోయి, ఎత్తలేక, కాసేపు దానిమీదే కూచున్నాడు.

కుర్రాడు నన్ను అడగకుండానే వెళ్ళి సంచి రెండో కొస పట్టుకున్నాడు.

ఏప్రిల్ 28, సోమవారం

పొద్దున పొట్టిక్కలు వేసి, కొబ్బరి పచ్చడి చేసి, పనసాకు బుట్టలతో సహా క్యారేజీలో పెట్టుకుని చిన్నమావయ్య ఇంటికెళ్ళాను. తినేదాకా ఏమీ అడగలేదు.

గండి ఆయన వైపు డ్రెయిను గట్టుకి పడింది. నీళ్ళు అక్కడ దూరి ముందు ఆయన పల్లం నింపి, జానెడు గట్టు కింద ఊటగా దిగి వదినగారి పల్లంలోకి పోతున్నాయి. "నా వైపు గండి పడిందని తెలిస్తే నేనే కొట్టించానంటుంది మీ పెద్దత్త. అన్నయ్య పెట్టిన చెట్లమ్మాయ్ అవి. ఎలా చెప్పను?" అన్నారు. ఎండుచేపల కొట్లో ఖాళీ ఉప్పు సంచులు కొనుక్కుని, ఎవరూ చూడకుండా రాత్రిపూట మట్టి నింపి వేస్తున్నారు. పోటు ఉద్ధృతికి కొన్ని చీలి కొట్టుకుపోయి గట్టు పక్కన తేలాయి. పెద్దత్తకి దొరికినవి అవి.

ఆయన నన్ను తిరిగి ఒక మంచి ప్రశ్న అడిగారు. "అంతర్వేదిలో సముద్రపొడ్డున ఇసకలో కొబ్బరి బంగారంలా కాస్తోంది. అక్కడ చావని చెట్టు ఇక్కడ ఉప్పునీళ్ళకి ఎందుకు చస్తుందమ్మా? నాకదే అర్థం కాదు."

ఆ ప్రశ్న అంతకుముందే నన్నూ వారంరోజులు నిలబెట్టింది. నాకు తేలింది చెప్పాను. కొబ్బరికి తల్లివేరు లేదు. మొదలు చుట్టూ వేల పీచువేళ్ళు పై మట్టిలోనే పాకుతాయి. ఇసకలో నీరు నిలవదు. పడిన వాన ఉప్పుని కడిగేస్తూ కిందికి దిగుతుంది, వేరుకి గాలి ఆడుతుంది. మనది ఒండ్రు, బంకమట్టి. ఎక్కిన ఉప్పునీరు దిగదు. ఎండకి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, మళ్ళీ పోటుకి ఇంకాస్త ఉప్పు చేరుతుంది. వేరుకి గాలీ అందదు, పక్కనే నీళ్ళున్నా తాగనూలేదు. చెట్టు ఉప్పు తగిలి చావడం లేదు, ఉప్పునీళ్ళు నిలవుండి చస్తోంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అయితే సంచులు ఎన్ని వేసినా వేసవంతా ఇంతేనన్నమాట" అన్నారు. అబద్ధం చెప్పలేకపోయాను.

మే 4, ఆదివారం

పెద్దత్తకి చెబితే నమ్మలేదు. "మరిదిని వెనకేసుకొస్తున్నావు" అంది. నోటిమాటగా చెబితే నమ్మే వయసూ కాదు, తీరే తగాదా కూడా కాదు. తాపీమేస్త్రీని పిలిచాను.

నీళ్ళు నింపిన లెవెల్ ట్యూబు ఒక కొస గండి దగ్గర పట్టించి, పెద్ద పోటుకి నీరు ఎక్కిన బురద గీత ఎంత ఎత్తుందో ఆ మట్టానికే తోటంతా సుద్దతో గుర్తులు పెట్టించాను. పెద్దత్త కర్ర పట్టుకుని వెంట నడిచింది. సుద్ద గీత నేలకి పైన పడ్డ చెట్టల్లా చచ్చిందో చావుబతుకుల్లో ఉందో. నేల గీతని దాటి పైకి లేచినచోట చెట్టల్లా పచ్చగా ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. గట్టు దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ ఆగి ఆవిడ మొహం చూశాడు. "అవతలికి కూడా పట్టు" అంది. ఆరేళ్ళలో మొదటిసారి గట్టు దాటింది. చిన్నమావయ్య తోట వెనకవైపు మొండేలు చూసి, అక్కడే ఒక కొబ్బరి దిమ్మ మీద కూచుండిపోయింది.

"ఇన్ని పోయాయా వీడికి" అంది. "వీడు" అని ఆవిడ నోట మళ్ళీ వింటాననుకోలేదు. కాపరానికొచ్చిన కొత్తలో ఆయన్ని అలాగే పిలిచేదట.

మే 12, సోమవారం

వైశాఖ పౌర్ణమి. రాత్రి పోటుకి అందరం గట్టు మీదే. చిన్నమావయ్య, మేస్త్రీ, కుర్రాడు, అవతల చేల రైతులు ఇద్దరు. పెద్దత్త మడతకుర్చీ తెప్పించుకుని, ఫ్లాస్కులో టీతో వచ్చింది. సంచులకి మూతులు కుట్టే పని తనే తీసుకుంది. ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు, అలాంటి మాటలు ఆ ఇంట్లో అలవాటు లేదు. చాలాసేపటికి సూది ఆపకుండా, తలెత్తకుండా, "ఒక్కో సంచి ఎంతకిస్తున్నాడు ఆ ఎండుచేపల కొట్టువాడు?" అని అడిగింది.

"పది రూపాయలు వదినా" అన్నారాయన.

"ఎక్కువే తీసుకుంటున్నాడు. రేపట్నుంచి నేను మాట్లాడతాను."

మే 21, బుధవారం

కుర్రాడూ నేనూ చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతున్నాం. కేశనపల్లి, శంకరగుప్తం, పడమటిపాలెం. ఎక్కడ చూసినా అదే మొండేల వరస. ప్రతి ఊళ్ళోనూ ఒక తగాదా దీనికి అంటుకుని ఉంది. ఒకచోట అన్నదమ్ములు, ఒకచోట కౌలుదారూ ఆసామీ, ఇంకోచోట తోట పక్కన ఇల్లు కట్టుకున్న కుటుంబం. చెట్టు చచ్చినప్పుడల్లా పక్కవాడి మీదికే చూపు పోతోంది. ఇంత డ్రెయిను పొడుగునా ఇలా ఎన్ని ఇళ్ళలో మాటలు ఆగిపోయాయో తలుచుకుంటే, చెట్ల నష్టం కంటే నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.

అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది. చెట్టు జబ్బులకి మందు చెప్పగలరు. ఇది జబ్బు కాదు. పూడిక తీయాలి, గట్లు ఎత్తు చేయాలి, పోటు లోపలికి ఎక్కకుండా అడ్డుకట్ట కావాలి. ఇంకా పెద్ద సంగతీ ఉంది. ఈ డెల్టాని పెంచింది గోదావరి తెచ్చే ఒండ్రు. ఎగువన ఆనకట్టల వెనక అది ఆగిపోతోంది, కింద సముద్రమట్టం పెరుగుతోంది. మా రెండు తోటల మధ్య జానెడు గట్టు దగ్గర మొదలైన విచారణ ఇంత దూరం పోతుందని ఏప్రిల్లో తెలియదు. పోయిందని వదిలేయలేను.

జూన్ 15, ఆదివారం

ఏరువాక వెళ్ళింది. కాలువల్లో నీళ్ళు పారుతున్నాయి. డ్రెయిను నీళ్ళలో ఉప్పు తగ్గింది, ఇవాళ మీటరు అంకె చూపించింది. బతికున్న చెట్లకి ఈ వానల్లో కొంత ఊపిరొస్తుంది. పోయినవి పోయినట్టే.

గండి కోసుకుపోయినచోట ఇప్పుడు సంచుల గట్టు మీద పచ్చగడ్డి మొలిచింది. అది ఆపేది ఆ ఒక్క పాయలో నీళ్ళనే.

రేపు సోమవారం, అమలాపురం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే రోజు. పెద్దత్తా చిన్నమావయ్యా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. వాళ్ళ కింద తక్కిన ఊళ్ళవాళ్ళు. దింపు తాత వేలిముద్ర వేస్తాననుకున్నాను, చక్కగా సంతకం చేశాడు. అర్జీతో పాటు సుద్ద గీతల ఫోటోలు, మొండేల లెక్క, ఏ ఊళ్ళో ఏ వరస ఎప్పుడు పోయిందో రాసిన పట్టిక, సీసాలూ తీసుకెళ్తున్నాం. సీసాల మీద సిరా చెమ్మకి అలుక్కుపోయింది. కుర్రాడు ఈ నోటుబుక్కు ముందు పెట్టుకుని తిథులు చూసి మళ్ళీ రాస్తున్నాడు. వైశాఖ అమావాస్య సీసా ఒకటి కనపడడం లేదు, వాళ్ళమ్మ వంటింట్లో వెతుకుతోంది. ఏడున్నర బస్సుకి బయల్దేరాలి.